కొక్కిరాయి

పుణె సొరంగం తెరిచానో లేదో
కింద కొట్లో కొక్కిరాయి మాయం.

కొక్కిరాయంటే మా ప్రింటరు.
కాగితాన్ని చేపలా ముక్కున కరుచుకుని
సగం మింగి ఆగిపోతుందని
తోడికోడలు మాలచ్చక్క పెట్టిన పేరు.
పర్లాకిమిడిలో, పాతపట్నం రోడ్డు మీదకి తెరిచిన జెరాక్సు కొట్లో ఆమె,
మేడ మీద ఇస్త్రీ బట్టల గుట్ట పక్కన నేను,
ఎవరివో విరిగిన కాళ్ల బీమా లెక్కలు
వీపీఎన్ లోంచి పుణెకి అప్పజెబుతూ.
మధ్యన పద్నాలుగు మెట్లు.

"ఏటే పిల్లా, వొచ్చిందా?"
"లేదక్కా. అలాంటి పేరుగలవాళ్లు ఎవరూ లేరంటోంది."
"నా కాళ్ల కాడ కూకుంటే లేకపోడమేటి?"

నిజమే.
నెంబరుతో తట్టి చూశాను, చివర ఇరవై మూడు.
నాలుగుసార్లు తడితే నాలుగుసార్లూ పలికింది.
పేరుతో పిలిస్తేనే నోరు మెదపదు.

అప్పుడు తెలిసింది:
సొరంగం కలిసిన క్షణం నుంచి
నా కంప్యూటరు ఏ పేరు విన్నా
పుణె దాకా పోయి అడిగొస్తోంది.
అక్కడి దస్త్రంలో బ్యాంకులున్నాయి, ఆస్పత్రులున్నాయి.
పర్లాకిమిడిలో మెట్ల కింద
ముక్కు పొడుగుది ఒకటుందని
వాళ్లకెవరు చెప్పారు?
తెలియనిదాన్ని లేదన్నారు.
కోపం తెచ్చుకోడానికీ లేదు.

ముందు మొరటు వైద్యం చేశాను.
హోస్ట్స్ ఫైలు తెరిచి చేత్తో రాసుకున్నాను,
ఇరవై మూడంటే కొక్కిరాయి అని.
మూడు రోజులు బాగానే నడిచింది.
గురువారం కరెంటు పోయి వచ్చింది,
రౌటరు నిద్రలేచి నెంబర్లన్నీ మళ్లీ పంచింది,
నేను పంపిన పదకొండు పేజీల క్లెయిము
మావగారి టీవీ తలుపు తట్టి తట్టి
సిగ్గుపడి తిరిగొచ్చింది.

ఆ సాయంత్రమే గుమ్మ బస్సు దిగి సోంబరు వచ్చాడు.
సంచిలో కవరు, కవర్లో ఇంకో కవరు,
అందులో రెండు కాగితాలు.
ఆంధ్రా బడి సర్టిఫికెట్టులో సవర సోంబరు.
ఒరిస్సా రేషను కార్డులో సోంబారా శబర.
ఏరు దాటితే చాలు,
మా 'వ' అక్కడ 'బ' అయి కూర్చుంటుంది.
ఇద్దరూ ఒక్కడేనని
స్టాంపు కాగితం మీద అచ్చేయించుకు రమ్మన్నాడట వకీలు,
రేపు పన్నెండు లోపు.

కొట్లో కంప్యూటరు బరంపురం రిపేరుకెళ్లి పది రోజులు.
సొరంగం మూసేద్దామంటే అరపూట జీతం కోత.
సోంబరు మెట్ల మీద కూర్చుని
చుట్ట తీశాడు, అక్క చూపు చూసి
మళ్లీ జేబులో పెట్టేశాడు.

రౌటరు లోపలికి దిగాను.
కొక్కిరాయికి పుట్టుమచ్చలాంటి నెంబరొకటుంది,
ఫ్యాక్టరీలో పడినది, కరెంటు పోయినా చెరగనిది.
దాన్ని చూసి ఇరవై మూడు దానికే
పట్టా రాసిచ్చినట్టు రాసిచ్చాను.
హోస్ట్స్ ఫైల్లో నా గీత చెరిపేశాను.
కంప్యూటరుకి చెప్పాను:
పుణె సంగతులు పుణెనే అడుగు.
చివర 'ఇల్లు' అని తోకున్న పేర్లు మాత్రం
ఈ గోడ మీద, బల్లి పక్కన
ఆకుపచ్చగా మిటకరిస్తోందే, దాన్నడుగు.

అయినా పలకలేదు.
పావుగంట తల కొట్టుకున్నాక గుర్తొచ్చింది,
యంత్రం 'ఉంది' అన్నమాటే కాదు
'లేదు' అన్నమాట కూడా దాచుకుంటుందని.
దాచుకున్నవన్నీ మర్చిపొమ్మన్నాను.

పిలిచాను.

కింద గరగర. తర్వాత అక్క కేక:
"వొచ్చింది! సగం మింగీసింది, ఉండు, లాగుతన్నాను."

నా తెర మూల పుణె నుంచి చిన్న గంట:
ఏడు నిమిషాలుగా మీరు కనబడడం లేదు.
ఇక్కడే ఉన్నానని కొట్టి కిందికి దిగాను.

సోంబరు వేడి కాగితాన్ని
రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు.
"ఇందల ఏ పేరు ముందున్నాది?"
"ముందైతేటి, ఎనకైతేటి? రెండూ నువ్వే కదేటి,"
అంది అక్క చిల్లర వెతుకుతూ.

"ముందున్నోడికే కదమ్మా
బూమి రాస్తారు," అన్నాడు.